డిక్కీలో దొరకని గుండె

2023 డిసెంబరు. ఎల్లారెడ్డిలో మాది చిన్న ప్రైవేటు ఆసుపత్రి. కింద మందుల దుకాణం, ఓపీ గది, వార్డు, పైన ఆపరేషన్ థియేటర్. ఉన్న డాక్టర్ ఒక్కరే, శ్రీలత మేడమ్. కాన్పులు, జ్వరాలు, పాము కాట్లు, బండి మీద నుంచి పడ్డవాళ్లు, అన్నీ ఆమె చేతుల మీదుగానే పోవాలి. నేను అక్కడ స్టాఫ్ నర్సును. పేరు సుగుణ, సొంతూరు పెద్దకొడప్‌గల్. కొంచెం నోరున్న మనిషినని వార్డులో పేరు. ఆ నోరు లేకపోతే మా పనిలో ఒక్క పూట నడవదు.

బయటివాళ్లు నర్సు అంటే సూదులు, సెలైన్లు అనుకుంటారు. నిజానికి మా మొదటి పని వినడం. రోగి మంచం ఎక్కగానే కేస్ షీట్ తెరుస్తాం, అంటే ఆ మనిషి ఆరోగ్యం సంగతంతా రాసే కాగితం. అందులో అన్నిటికన్నా పైన ఉండే గడి పేరు కంప్లెయింట్స్. పోలీసు స్టేషన్లో ఇచ్చేది కాదు. రోగి తన నోటితో చెప్పుకునే బాధ. అక్కడ ఏం రాస్తామో దాన్ని బట్టే తర్వాతి పరీక్షలు, మందులు అన్నీ నడుస్తాయి. ఆ గడి తప్పితే బండి తప్పుదారి పట్టినట్టే.

మా దగ్గరికి వచ్చేవాళ్ల మాట నాకు కొట్టిన పిండి. నాగిరెడ్డిపేట రైతు "ఎట్లనో అయితుంది" అంటే కళ్లు తిరుగుతున్నాయా, కడుపులో తిప్పుతోందా, గుండె దడగా ఉందా అన్నది ముఖం చూసి చెప్పగలను. బీడీలు చుట్టే అవ్వ "పానం మంచిగ లేదు" అంటే ఆ 'పానం' నడుమా, మోకాలా, మనసా అన్నది కూడా తెలుస్తుంది. ఇక ఇంగ్లీషు అంటారా, నర్సింగ్ చదివిందంతా ఇంగ్లీషులోనే. ఇంగ్లండు నుంచి మనిషి వస్తే ఆ మాటలోనే మాట్లాడుకుంటాం కదా, అందులో కష్టమేముంది అనుకునేదాన్ని, ఆ మధ్యాహ్నం దాకా.

అన్నం తిని చేతులు కడుక్కుంటుంటే బయట కారు ఆగిన చప్పుడైంది. వెనకాలే యాదగిరి గొంతు వినిపించింది. యాదగిరి కామారెడ్డిలో కిరాయికి కారు నడుపుతాడు. వాళ్ల చెల్లెలి కాన్పు మా ఆసుపత్రిలోనే అయింది కాబట్టి నన్ను అక్కా అంటాడు.

"అక్కా, జర జల్ది రా. ఇంగ్లండాయన. పోచారంల పిట్టలు సూడనీకి తీస్కచ్చిన. పొద్దుగాల్ల సంది మంచిగనే ఉండె. ఇప్పుడేమో ఒక్క తీరుగ అయిండు."

చలికాలంలో పోచారం చెరువుకు ఎక్కడెక్కడి పక్షులో వస్తాయి. వాటిని చూడటానికి మెడలో దూరదర్శినులు వేసుకుని మనుషులూ వస్తారు. ఈయన కారులోంచి తనంతట తనే దిగాడు. నిండైన మనిషి, డెబ్బై పైబడిన వయసు, తలకు గడ్డి టోపీ. ముఖం తెల్లకాగితంలా ఉంది. తెల్లవాళ్ల ముఖం తెల్లగానే ఉంటుంది కదా అని నేను దాన్ని పట్టించుకోలేదు. ఆయన వెనక సన్నగా, పొట్టిగా ఆయన భార్య. ఆయన పేరు ఫ్రాంక్, ఆమె పేరు జోన్. ఫ్రాంక్ అంటే దాపరికం లేనివాడని అర్థం. పేరు పెట్టిన తల్లికి దండం పెట్టాలి, అంత దాపరికం ఉన్న రోగిని నేను మళ్లీ చూడలేదు.

"గుడ్ ఆఫ్టర్‌నూన్ సర్, హౌ ఆర్ యు?" అన్నాను, చదువుకున్నది చదువుకున్నట్టు.

"నాట్ ఫీలింగ్ టూ క్లెవర్, లవ్" అన్నాడాయన.

ఒకే వాక్యంలో రెండు దెబ్బలు. మొదటిది ఆ 'లవ్'. యాదగిరి తల దించుకుని చెప్పులు చూసుకున్నాడు. రెండోది క్లెవర్. నేనంత తెలివైనవాడిలా అనిపించడం లేదు అంటున్నాడు పాపం, ముసలితనంలో మనసు చిన్నబుచ్చుకున్నాడు అనుకున్నాను. రోగికి ధైర్యం చెప్పడం మా ధర్మం కదా.

"నో నో సర్. యు ఆర్ వెరీ క్లెవర్!" అన్నాను భుజం తడుతూ.

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆమె కూడా నవ్వి, నా చేయి పట్టుకుని "థాంక్యూ, లవ్" అంది. ఆమె నోటి నుంచి కూడా అదే మాట రావడంతో నా గుండె కుదుటపడింది. మన అవ్వలు 'బిడ్డా' అన్నట్టే వాళ్లకు ఈ 'లవ్' అన్నమాట. ఒక ముడి విడిపోయింది. రెండోది మాత్రం అప్పుడు విడలేదు. ఆ పెద్దాయన ఊళ్లో 'నాట్ టూ క్లెవర్' అంటే తెలివికి సంబంధించిన మాటే కాదట. ఒంట్లో ఏం బాగా లేదని అర్థమట. నేను ఆయన తెలివిని మెచ్చుకుంటూ లోపలికి నడిపించుకుపోయాను.

మంచం మీద కూర్చోబెట్టి కేస్ షీట్ తెరిచాను.

"వాట్ కంప్లెయింట్స్, సర్?"

"ఓ, కాంట్ కంప్లెయిన్."

కలం ఆగింది. కంప్లెయిన్ చేయలేడట. నాలుక పడిపోయిందా అంటే, మాట్లాడుతూనే ఉన్నాడు. మొహమాటమా అంటే, నవ్వుతూనే ఉన్నాడు. ఇక చేసేదేముంది, ఆ గడిలో 'నిల్' అని రాశాను. మనల్ని ఎవరైనా ఎట్లున్నవు అంటే, ఇంట్లో ఎన్ని ఉన్నా "నడుస్తున్నది" అంటాం చూడండి, వాళ్ల 'కాంట్ కంప్లెయిన్' అదే. దాన్ని పట్టుకుని ఎవరూ కేస్ షీట్ రాయరు.

"చెస్ట్ పెయిన్?" అని నా ఛాతీ చూపించి అడిగాను.

ఆయన కాసేపు ఆలోచించాడు. దాన్ని నొప్పి అనలేనన్నాడు. "బిట్ ఆఫ్ విండ్, ఐ ఎక్స్‌పెక్ట్" అని పొట్ట పైభాగం రుద్దుకున్నాడు.

తలుపు దగ్గరున్న యాదగిరి ముందుకొచ్చాడు. "విండ్ అంటె గాలే కదా అక్కా? నేను ముందుగాలనే అనుకున్న. కట్ట మీద ఒక్కడే నిలవడ్డడు మిట్టమధ్యాన్నం. గాలి సోకింది."

"నీ గాలి, ధూళి తర్వాత జూద్దాం గని, ఏం తిన్నడో చెప్పు."

"రెండు మిర్చీలు తిన్నడు. గంతే. పొద్దుగాలనైతే కప్పను సంపుతనన్నడు."

"ఏందీ?"

"ఔ అక్కా, ఒట్టు. కారెక్కంగనే 'మర్డర్ కప్పా' అన్నడు. గిట్లనా అని కట్ట కింద కప్పలున్న కాడికి తోల్కపోయిన. ఇద్దరు ఒగలి మొఖం ఒగలు జూసుకున్నరు."

కప్ప సంగతి నాకూ తలకెక్కలేదు. విండ్ మాత్రం పాఠంలో చదువుకున్నదే, కడుపులో గ్యాసు. మిర్చీలు తిన్నాడు, గ్యాసు పట్టింది. లెక్క సరిపోయింది. బీపీ చూశాను, బాగానే ఉంది. నాడి కొంచెం నెమ్మదిగా ఉంది. బాగా నడిచే అలవాటున్నవాళ్లకు అలా ఉంటుంది, ఈయన బతుకంతా ఇల్లిల్లూ తిరిగి ఉత్తరాలు పంచిన పోస్ట్‌మ్యాన్ అని ఆమె అప్పటికే చెప్పింది.

మేడమ్ అప్పుడు థియేటర్లో సిజేరియన్ మధ్యలో ఉన్నారు. తలుపు దగ్గర నిలబడి చెప్పాను. పెద్ద వయసు, మిర్చీలు తిన్నాడు, ఆయనే గ్యాస్ అంటున్నాడు, నొప్పి లేదంటున్నాడు, నవ్వుతున్నాడు. లోపలి నుంచి ఆమె, "గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెట్టు సుగుణా, బిడ్డ బయటికొచ్చింది, కుట్లు వేసి వచ్చి చూస్తా" అన్నారు. నేను చెప్పిన మాటలు వింటే ఏ డాక్టరైనా అదే చెబుతారు.

ఇంజెక్షన్ ఇచ్చాను. ఎదురు హోటల్ నుంచి టీ తెప్పించి ఇద్దరికీ ఇచ్చాను. ఆమె తాగలేదు. ఆయన గ్లాసు చేతిలోకి తీసుకుని, పక్కన బల్ల మీద పెట్టేశాడు. ఆమె ఆయన ముఖం కన్నా ఆ గ్లాసునే ఎక్కువగా చూస్తోంది. కాసేపటికి లేచి నా దగ్గరికి వచ్చింది.

"హీ హ్యాజ్ లెఫ్ట్ హిస్ టీ" అంది మెల్లగా.

"నో ప్రాబ్లమ్ మేడమ్. హాట్ టీ, వీ గివ్" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. ఏదో చెప్పాలని ఉంది, ఆయనకు వినపడకూడదని కూడా ఉంది. నా చెవి దగ్గరికి వంగి గబగబా రెండు ముక్కలు అంది. అందులో నాకు స్పష్టంగా అందింది ఒక్కటే. ఆయనకు డిక్కీ టిక్కర్ ఉందట.

డిక్కీ! అంతసేపటికి నాకు తెలిసిన మాట ఒకటి దొరికింది. కారు వెనక సామాను పెట్టుకునే డిక్కీ తెలియనివాళ్లు మన దగ్గర ఎవరున్నారు? అందులో టిక్కరో, స్టిక్కరో ఏదో ఉంది, మందుల సంచి అయి ఉంటుంది, భర్త ముందు అడగడానికి మొహమాటపడుతోంది అనుకున్నాను.

"యాదగిరీ, డిక్కీల ఏమో ఉన్నదట. జల్ది తీస్కరా."

"ఏమున్నది అక్కా?"

"టిక్కర్ అంట. ఏది దొరికితే గది తే."

యాదగిరి పనిమంతుడు. డిక్కీలో ఉన్నదంతా రెండు విడతల్లో తెచ్చి వార్డులో పరిచాడు. కెమెరా పెట్టే మూడుకాళ్ల స్టాండు, రెండు మడత కుర్చీలు, బురద బూట్లు, గొడుగు, పక్షుల బొమ్మలున్న పుస్తకం, చివరికి స్టెప్నీ పక్కన తను ఇంటికోసం కొన్న జామకాయల సంచి కూడా. పక్క మంచం మీది బాలింత తల్లి ఇదేదో అంగడి పెట్టారనుకుని లేచి కూర్చుంది.

జోన్ ఆ సామానును చూసింది, నన్ను చూసింది. ముందు ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. నవ్వు వచ్చింది, ఆ నవ్వులోనే కళ్ల నిండా నీళ్లు వచ్చాయి. ఇక మాటలతో లాభం లేదనుకుందేమో, నా కుడిచేయి పట్టుకుని తీసుకుపోయి ఆయన ఛాతీ మీద పెట్టింది.

"టిక్కర్" అంది. "టిక్, టిక్, టిక్." తర్వాత తన అరచేతిని అటూ ఇటూ ఊగే కుర్చీ కాలులా ఊపి చూపించి, "డిక్కీ" అంది.

గుండె. ఆయన గుండె గట్టిది కాదు, ఎప్పటినుంచో. అది చెబుతోంది ఆ తల్లి. ఆమె మాట అర్థమైన ఆ క్షణంలోనే నా అరచేతికి ఇంకొకటి కూడా తెలిసింది. ఆయన చొక్కా తడిసి ముద్దగా ఉంది. డిసెంబరు నెల, పైన ఫ్యాను కూడా తిరగడం లేదు. ఆ చెమట చల్లగా ఉంది. గ్యాసుకు చల్ల చెమట పట్టదు.

ఈసీజీ మిషన్ లాక్కొచ్చాను. గుండెలో పుట్టే కరెంటును కాగితం మీద గీతలుగా చూపించేది ఈసీజీ. ఆ గీతల్లో కొన్నింటి దగ్గర, చదునుగా ఉండాల్సిన చోట, పాము పడగెత్తినట్టు లేచి ఉంది. కాగితం చేత్తో పట్టుకుని థియేటర్ మెట్ల మీదికి పరుగెత్తాను. మేడమ్ కుట్లు ముగించి గ్లోవ్స్ తీస్తున్నారు. చూసీ చూడగానే, "ఇన్‌ఫీరియర్ వాల్" అన్నారు. అంటే గుండె కింది గోడకు రక్తం అందడం లేదు. ఆ గోడ పొట్ట మీద ఆనుకుని ఉంటుంది కాబట్టి అక్కడి నొప్పి గ్యాసు వేషం వేసుకుని వస్తుంది. నాడి నెమ్మదిగా ఉన్నది పోస్ట్‌మ్యాన్ నడక వల్ల కాదు.

"ఆయన నోటితోనే గ్యాస్ అన్నడు మేడమ్" అన్నాను.

"నువ్వు చెప్తే నేను కూడా నమ్మిన కదా. ఇప్పుడు గదంతా ఎందుకు, ముందు గోలీలు నమిలించు" అంటూ ఆమె మెట్లు దిగారు. రక్తం గడ్డకట్టకుండా చేసే గోలీలు నమిలించాం, మందులు ఎక్కించడానికి చేతికి సూది పెట్టి ఉంచాం. గడ్డను కరిగించే అసలు ఇంజెక్షన్ కామారెడ్డిలో, గుండె డాక్టరున్న ఆసుపత్రిలోనే ఇవ్వాలి. మేడమ్ అక్కడికి ఫోన్ చేసి చెప్పారు. సిజేరియన్ అయిన తల్లిని వదిలి ఆమె రావడానికి లేదు.

"నువ్వే పో సుగుణా. ఆయన మాట జరంతన్న నీకే తెలుస్తున్నది. నాడి పడిపోతే వెంటనే ఫోన్ చెయ్యి. అట్రోపిన్ సిరంజిల నింపి చేతిల పట్టుకో." అట్రోపిన్ అంటే నెమ్మదించిన గుండెను తట్టి లేపే మందు.

అంబులెన్స్ ఎల్లారెడ్డి దాటింది. ఆయన పడుకుని ఉన్నాడు, తల దగ్గర చిన్న మానిటర్, పక్కన నేను, నా ఎదురుగా జోన్. వెనకాల యాదగిరి కారు, మళ్లీ ఎక్కించిన ఆ సంసారమంతా డిక్కీలో వేసుకుని.

దారిలో రోగి నొప్పిని అంకెల్లో అడుగుతాం, దాన్ని పెయిన్ స్కోర్ అంటాం. సున్న అంటే నొప్పి లేదు, పది అంటే ఓర్చుకోలేనంత. అడిగాను.

"ఓ, టూ" అన్నాడాయన పై కప్పును చూస్తూ.

నేను జోన్ వైపు చూశాను. ఆమె వేళ్లతో చేసి చూపిస్తూ, నాకు అర్థమయ్యేలా ఒక్కో మాటే విడదీసి చెప్పింది. మంచులో సైకిల్ మీద నుంచి పడి కాలు రెండు చోట్ల విరిగినప్పుడు కూడా ఈయన రెండే అన్నాడట. మరి పది ఎప్పుడంటాడు అని అడిగాను. పెళ్లయినప్పటి నుంచి ఎదురుచూస్తున్నానంది.

ఊరుకుంటే ఏడుపు వస్తుందనేమో, ఆమె మాట్లాడుతూనే ఉంది. కప్ప సంగతి కూడా అప్పుడే తేలింది. రోజూ లేవగానే ఆయన మొదటి మాట "ఐ కుడ్ మర్డర్ ఎ కప్పా" అట. కప్పా అంటే కప్పు టీ. దాని కోసం ప్రాణం పోతోంది, దొరికితే దాని అంతు చూస్తా అని. అలాంటి మనిషి ఇవాళ ఒక్క గుక్క తాగకుండా గ్లాసు పక్కన పెట్టాడు. హీ హ్యాజ్ లెఫ్ట్ హిస్ టీ. ఆమె నాకు చెప్పిన జబ్బు అది. నేను వేడి టీ ఇస్తానన్నాను.

మా దగ్గర కూడా అంతే కదా అనిపించింది. రోజూ సాయంత్రం కల్లు తాగే రైతు సీసా ముట్టలేదంటే, వాళ్ల ఇంటామె పరేశాన్‌గా దవాఖానకు తీసుకొస్తుంది. "ఏమైంది తాతా" అంటే ఆయన "ఏం కాలే" అంటాడు. "కల్లు ముట్టలేదమ్మా" అని ఆమె అంటుంది. మేము ఆయన్ని వదిలేసి ఆమె మాటే పట్టుకుంటాం. భాష మారేసరికి ఆ సంగతి మరిచిపోయాను, అంతే.

లింగంపేట దాటాక బండిలో మాటలు తగ్గాయి. జోన్ కిటికీ వైపు చూస్తోంది. ఫ్రాంక్ అప్పటిదాకా గుంతలో బండి ఎగిరినప్పుడల్లా ఏదో ఒక చమత్కారం విసురుతూ వచ్చాడు, అర్థం కాకపోయినా నేను నవ్వుతూ వచ్చాను. ఇప్పుడు చమత్కారాలు ఆగాయి. ఉన్నట్టుండి ఆయన కళ్లు తెరిచి, నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అన్నాడు.

"సారీ టు బి సచ్ ఎ న్యూసెన్స్, లవ్."

న్యూసెన్స్. ఆ మాట మనకు కొత్తది కాదు, న్యూసెన్స్ కేసు అంటే అందరికీ తెలుసు. కానీ ఆయన ఆ మాట అన్న తీరు వేరు. నేను దాన్ని మనసులో తెలుగులోకి తిప్పుకున్నాను. నీకు తకలీఫ్ ఇస్తున్న బిడ్డా.

ఈ మాట నేను ఇంతకుముందు విన్నాను.

మా బాపు అన్నాడు. పెద్దకొడప్‌గల్ ఇంట్లో, మంచం మీద, పగటిపూట. బతికినన్నాళ్లు నన్ను "ఏయ్, నీళ్లు తే" అనడం తప్ప వేరేగా పిలిచిన మనిషి కాదు. ఆ రోజు నేను నీళ్లు ఇస్తే, గ్లాసు తీసుకోకుండా, "నీకు తకలీఫ్ ఇస్తున్న బిడ్డా" అన్నాడు. "ఏం తకలీఫ్ బాపూ, పండు" అని దుప్పటి కప్పాను. ఆ తర్వాత ఆయన నాతో ఇంకేం మాట్లాడకుండానే పోయాడు. అప్పటికి నేను నర్సును కూడా కాదు. మా మాటలో తకలీఫ్ అంటే ఎదుటివాళ్లకు ఇచ్చే శ్రమ, తన ఒంట్లో ఉన్న బాధ కూడా. బాపు ఆ ఒక్క మాటలో రెండూ చెప్పాడని ఎన్నేళ్లకో అర్థమైంది. తన బాధను తనదని చెప్పుకోలేనివాళ్లు, దాన్ని మనకిచ్చే శ్రమగా మార్చి క్షమాపణ అడుగుతారు.

ఇదంతా ఇప్పుడు రాస్తుంటే ఇంత పొడుగైంది కానీ, అప్పుడు రెప్పపాటే. తల తిప్పి మానిటర్ చూశాను. నాడి అంకె కిందికి జారుతోంది. అది మోగడానికి ముందే నేను లేచి నిలబడి ఉన్నాను.

"అన్నా, బండి పక్కకాపు!" అని డ్రైవరును కేకేసి, ఆయన కాళ్లు పైకెత్తి కింద దిండు పెట్టాను. మేడమ్‌కు ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాను. "ఎక్కించు" అన్నారామె. అట్రోపిన్ ఎక్కించాను. జోన్ ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, ఫ్రాంక్, ఫ్రాంక్ అంటోంది. అంకె అక్కడే కొట్టుమిట్టాడింది. నేను ఏ దేవుడి పేరు తలుచుకున్నానో గుర్తు లేదు. కొంచెం కొంచెంగా ఎక్కడం మొదలైంది. ఆయన పెదవులకు రంగు వచ్చింది.

"పోనీ అన్నా, ఇగ ఆపకు" అన్నాను.

కామారెడ్డిలో స్ట్రెచర్ సిద్ధంగా ఉంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. తలుపు బయట బల్ల మీద జోన్, నేను, యాదగిరి కూర్చున్నాం. యాదగిరి జామకాయల సంచి ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమె ఒకటి తీసుకుని, తినకుండా చేత్తో పట్టుకునే కూర్చుంది. చాలాసేపటికి డాక్టరు బయటికొచ్చి, ప్రమాదం తప్పినట్టే, అయినా రేపటిదాకా ఏమీ చెప్పలేమన్నారు.

మర్నాడు డ్యూటీ మార్చుకుని బస్సులో కామారెడ్డి పోయాను. యాదగిరి ఇంటికి పోలేదు, ఆమెకు ఇడ్లీలు తెచ్చిస్తూ అక్కడే ఉన్నాడు. వార్డు గుమ్మం దగ్గర నా కాళ్లు ఆగాయి. లోపల ఆయన ఎలా ఉన్నాడో ఆయన్ని అడిగి తెలుసుకోవడం నా వల్ల కాదని అప్పటికే తెలుసు. 'నాట్ టూ బ్యాడ్' అన్నాడంటే భయపడాలి. 'సారీ' అన్నాడంటే ఇంకా భయపడాలి.

"హౌ ఆర్ యు, సర్?" అన్నాను.

"డ్రెడ్‌ఫుల్!" అన్నాడు ఫ్రాంక్.

ఘోరంగా ఉందంటూ ఇక మొదలుపెట్టాడు. పరుపు రాయిలా ఉందట. పక్క మంచం ఆయన గురక రైలు బండిలా ఉందట. పొద్దున పెట్టిన ఉప్మా గోడలకు పూసుకోవచ్చట. ఇంతమంది సూదులు పొడుస్తున్నారు, ఒక్కరికీ చేయి తిరగదట. నేను జోన్ ముఖం చూశాను. ఆమె ముఖం వెలిగిపోతోంది. మొగుడు నోరారా సణుగుతుంటే అంత సంబరపడే ఆడమనిషిని నేను అదే చూడటం. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, సిగ్గు లేకుండా తుడుచుకున్నాను. కేస్ షీట్ నా చేతిలో ఉంటే కంప్లెయింట్స్ గడి చాలేది కాదు, వెనక పేజీ కూడా తిప్పాల్సి వచ్చేది.

చివరికి ఆయన యాదగిరి వైపు తిరిగి, "ఐ కుడ్ మర్డర్ ఎ కప్పా" అన్నాడు.

యాదగిరి చప్పున లేచాడు. "అక్కా, ఇప్పుడు ఎరకైంది. కప్ప కాదు, చాయ్! డాక్టర్ను అడిగి ఇప్పుడే తెస్త" అని పరుగెత్తాడు.

ఆ తర్వాత వాళ్లు హైదరాబాదు మీదుగా క్షేమంగా ఇల్లు చేరారు. నాకు మిగిలింది ఒక అలవాటు. ఇప్పుడు నొప్పి ఉందా అని అడిగి ఊరుకోను. వెంట వచ్చినవాళ్లను, "రోజు చేసే పని ఇయ్యాల ఏది చెయ్యలే?" అని అడుగుతాను. వాళ్లు చాయ్ అంటారు, చుట్ట అంటారు, మనుమరాలిని తిట్టలేదంటారు. నర్సింగ్ పుస్తకంలో ఆ ప్రశ్న లేదు. ఇంగ్లండు పల్లెకైనా, మా పల్లెకైనా అది పనికొస్తుంది.

మొన్న నాట్లప్పుడు నాగిరెడ్డిపేట నుంచి ఒక తాత వచ్చాడు. బస్సు దిగి ఒక్కడే నడుచుకుంటూ వచ్చాడు, వెంట అడగడానికి కూడా ఎవరూ లేరు. ఏమైంది తాతా అన్నాను.

"ఏం కాలే బిడ్డా. జర గ్యాస్ లెక్క ఉన్నది. ఒక గోలియ్యి, పోత." లేచి నిలబడబోయి మళ్లీ కూర్చున్నాడు. నన్ను చూసి నవ్వడానికి ప్రయత్నించాడు. "పనిల ఉన్నట్టున్నవు, ఉట్టిగ నీకు తకలీఫ్ ఇస్తున్న."

నేను చేతిలోని పని అక్కడే పడేశాను.

"గా మాట అన్నవు కదా తాతా, ఇగ నిన్ను ఇడిసిపెట్ట" అంటూ ఒక చేత్తో ఈసీజీ మిషన్ లాగుతూ, ఇంకో చేత్తో ఆయన చొక్కా గుండీలు విప్పాను. చొక్కా తడిగా ఉంది.